సీనా వెళ్లిపోయాక డబ్ల్యూడబ్ల్యూఈలో ఏం చూడాలి, ఏం వదిలేయాలి: హైదరాబాద్ నుంచి ఒక రివ్యూ

నెలకు 199 రూపాయలు పెట్టి నెట్‌ఫ్లిక్స్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ, అంటే అమెరికా ప్రొఫెషనల్ రెజ్లింగ్ షోలు, చూడొచ్చా అంటే, నిస్సందేహంగా చూడొచ్చు. ప్రతి వారం రా, స్మాక్‌డౌన్ రెండూ మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూడాలా అంటే, అక్కర్లేదు. 2025 షోలన్నీ వరసగా పెట్టుకుని చూస్తే తేలేది ఇదే: రింగులో దిగేవాళ్ల పనితనం చాలా బాగుంది, వాళ్లకు కథ రాసేవాళ్లే చేతులెత్తేస్తున్నారు. కాబట్టి మ్యాచ్ కోసం చూడండి. మ్యాచ్‌లోనూ ఎదుటివాడు కొట్టిన దెబ్బకు విలువ తెచ్చేవాళ్ల కోసం చూడండి. ఆ లెక్కన గుంథర్, ఇయో స్కై, రియా రిప్లీ ముందు వరసలో ఉంటారు. 2025 డిసెంబర్‌లో రిటైరైన పెద్ద స్టార్ జాన్ సీనా చివరి ఏడాది సగం పండింది, సగం నేలపాలైంది. అదెలాగో కింద వివరంగా రాస్తున్నా.

ముందు సర్వీసు సంగతి. 2025 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో డబ్ల్యూడబ్ల్యూఈ సోనీ చానళ్లను వదిలి నెట్‌ఫ్లిక్స్‌కి వచ్చింది. రా, స్మాక్‌డౌన్, ఎన్‌ఎక్స్‌టీ, రెసిల్‌మేనియా లాంటి పెద్ద షోలు అన్నీ ఒకే చోట ఉన్నాయి, పెద్ద షోలకు విడిగా డబ్బు కట్టే పని లేదు. 149 ప్లాన్ ఫోన్‌కీ ట్యాబ్‌కీ మాత్రమే, టీవీలో రాదు. 199 ప్లాన్‌లో టీవీలో వస్తుంది, ఒక్క స్క్రీన్, 720పీ. 43 అంగుళాల లోపు టీవీకి ఇది చాలు. 499 ప్లాన్‌లో 1080పీ, రెండు స్క్రీన్లు. రెసిల్‌మేనియా నెల ఒక్కటీ ఇంట్లో నలుగురూ కూర్చుంటామనుకుంటే అప్పుడు మార్చుకుని, తర్వాత మళ్లీ కిందికి దిగొచ్చు. 4కే కోసం 649 పెట్టడం, రెజ్లింగ్ ఒక్కదాని కోసమైతే, దండగ.

మొబైల్ డేటా మీద చూసేవాళ్లు ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. హెచ్‌డీ నాణ్యతలో గంటకు దాదాపు 3 జీబీ దాకా పోతుంది. రెండున్నర గంటల రా మొత్తం అలా చూస్తే రోజుకు 2 జీబీ ప్యాక్ మొదటి గంటలోనే అయిపోతుంది. యాప్ సెట్టింగ్స్‌లో డేటా సేవర్ పెట్టుకోండి, లేదా ఇంటి వైఫై మీదే చూడండి. వైఫై స్పీడు 1080పీకి 5 ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది. అది కూడా లేక ఆగుతోందంటే చాలాసార్లు తప్పు నెట్‌ది కాదు, గోడకు అవతల ఉన్న రౌటర్‌ది.

టైమింగ్స్ దగ్గరే చాలామంది తడబడతారు. రా అమెరికాలో సోమవారం రాత్రి, మనకు మంగళవారం పొద్దున 5:30. స్మాక్‌డౌన్ శనివారం పొద్దున 5:30. అమెరికా వాళ్లు నవంబర్ మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పుతారు కాబట్టి, అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా రెండూ 6:30కి మారతాయి. చలికాలంలో 5:30కి అలారం పెట్టుకుని లేచి షో ఏదని వెతకొద్దు. యూరప్, సౌదీ షోలైతే మనకు రాత్రి పూటే పడతాయి, అవే మనకు హాయి. 2025 అక్టోబర్ 11 నాటి ఆస్ట్రేలియా పెర్త్ షో ఇంకా నయం, శనివారం సాయంత్రం టీ తాగుతూ చూసే వేళకు వచ్చింది.

ఆఫీసు నుంచి వచ్చి సాయంత్రం చూసేవాళ్లకు అసలు శత్రువు స్పాయిలర్. నెట్‌ఫ్లిక్స్ కంటే ముందు యూట్యూబ్ నోటిఫికేషనే ఫలితం చెప్పేస్తుంది. సోమవారం రాత్రే డబ్ల్యూడబ్ల్యూఈ చానల్ నోటిఫికేషన్లు, ఇన్‌స్టా పేజీలు మ్యూట్ చేయండి. కామెంటరీ ఇంగ్లిష్‌తో పాటు హిందీలో కూడా ఉంది. మైకేల్ కోల్ మైకు పట్టిన షో అయితే ఇంగ్లిష్‌లోనే వినండి. ఎక్కడ అరవాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో తెలిసిన మనిషి.

రా ఎలా చూడాలో కూడా చెప్పాలి. మొదటి ఇరవై నిమిషాలు సాధారణంగా మైకు పట్టుకుని మాట్లాడుకోవడమే. మాటకారి రెజ్లర్ సీఎం పంక్ ఉంటే కూర్చోండి, లేకపోతే దాటేయండి. తర్వాత మ్యాచ్ మొదలవుతుంది, రెండు మూడు నిమిషాలకే ఒకడు రెండోవాడిని తాళ్ల మీంచి బయటికి విసురుతాడు, బ్రేక్. బ్రేక్ నుంచి వచ్చేసరికి ఎవరో ఒకరు మెడ పట్టుకుని కింద కూర్చుని ఉంటారు. ఆ పట్టు ఊపిరి తీసుకోడానికి, తర్వాతి వరస చెవిలో చెప్పుకోడానికి. అక్కడి నుంచి చూస్తే చాలు, అసలు మ్యాచ్ ఆ చివరి ఆరేడు నిమిషాల్లోనే ఉంటుంది. ఈ పద్ధతిలో మొత్తం రా గంటలో అయిపోతుంది, పోగొట్టుకునేది పెద్దగా ఏమీ ఉండదు.

'అంతా ఫేకే కదా' అనే బాబాయిలు ప్రతి ఇంట్లో ఉంటారు. గెలుపోటములు ముందే రాసుకున్నవి, అందులో దాపరికం లేదు. పడటం మాత్రం నిజం. డబ్ల్యూడబ్ల్యూఈ రింగు 20 అడుగుల చదరం. ఇనుప చట్రం, దాని మీద చెక్క పలకలు, వాటి మీద పల్చటి ఫోమ్, పైన బిగించిన కాన్వాస్. పరుపు ఏమీ కాదు. వెల్లకిలా పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలి, చేతులు రెండూ చాపి నేలను చరచాలి, వీపు పైభాగం మొత్తం ఒకేసారి ఆనాలి. అప్పుడే దెబ్బ వెడల్పుగా పంచుకుపోతుంది. గడ్డం లేచిందా, తల వెనక్కి కొట్టుకుంటుంది. చెయ్యి ఆనించి ఆపుకోబోయాడా, మణికట్టో భుజమో పోతుంది.

భుజం పోవడమంటే ఏమిటో సేథ్ రాలిన్స్‌ని చూస్తే తెలుస్తుంది. 2025 జులైలో ఎల్‌ఏ నైట్ మ్యాచ్‌లో మోకాలు పోయిందని నాటకమాడాడు. అందరూ నమ్మారు. ఆగస్టు 2న సమ్మర్‌స్లామ్‌లో కర్రలతో కుంటుకుంటూ వచ్చి, కర్రలు పారేసి, చేతిలో ఉన్న మనీ ఇన్ ది బ్యాంక్ కాంట్రాక్టు (ఎప్పుడంటే అప్పుడు టైటిల్ మ్యాచ్ అడిగే హక్కు) వాడి, అప్పుడే గుంథర్ మీద టైటిల్ గెలిచి అలసిపోయి ఉన్న సీఎం పంక్ దగ్గర బెల్టు కొట్టేశాడు. ఏడాది మొత్తంలో కథ రాసేవాళ్లు చేసిన ఒకే ఒక్క పక్కా పని అది. రెండు నెలలు తిరగ్గానే పెర్త్‌లో కోడీ రోడ్స్ మీదికి ఒక మూల నుంచి ఎదుటి మూలకు దూకాడు. దాన్నే కోస్ట్ టు కోస్ట్ అంటారు. ఆ దూకుడులో నిజంగానే భుజం పోయింది. ఆ దూరంలో గాలిలో ఒళ్లు సరిచేసుకునే వ్యవధి ఉండదు, దిగేటప్పుడు బరువంతా ఒక పక్కకి వాలితే దాన్ని కాసేది భుజం కీలు ఒక్కటే. బెల్టు ఖాళీ చేయాల్సి వచ్చింది, నవంబర్ 1న జే ఉసోని ఓడించి పంక్ దాన్ని తీసుకున్నాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషికి ఆ మూవ్ అవసరమా? మ్యాచ్ అది లేకుండానే బాగుంది.

ఇక సీనా. 2025 మార్చి 1న టొరంటోలో ఎలిమినేషన్ చాంబర్ షో చివర అప్పటి చాంపియన్ కోడీని కౌగిలించుకుని, పాత రెజ్లర్, సినిమా హీరో ది రాక్ సైగ చూసి, దొంగ దెబ్బ కొట్టి విలన్‌గా మారాడు. ఇరవై ఏళ్లుగా పిల్లల హీరోగా ఉన్నవాడు అలా తిరగడం, ఆ పది సెకన్లు, ఎన్నిసార్లైనా చూడొచ్చు. అక్కడి నుంచే పట్టు జారింది. విలన్ అయినవాడు మ్యాచ్ నడిపే తీరు మార్చాలి: వేగం తగ్గించాలి, ఒక కాలో చెయ్యో ఎంచుకుని దాన్నే చిదమాలి, రూలు తప్పాలి, జనాన్ని రెచ్చగొట్టాలి. సీనా అవే నిక్కర్లు, అవే టీషర్టులు, అవే ఐదు మూవ్‌లు: రెండు షోల్డర్ బ్లాకులు, తిప్పి పడేయడం, ముఖం ముందు చెయ్యి ఊపడం, పిడికిలి, ఏఏ (భుజాల మీదికి ఎత్తి పడేసే అతని ఆఖరి దెబ్బ). మధ్యలో ప్రేక్షకులే నన్ను ఏడిపించారంటూ మైకు ప్రసంగాలు. ఏప్రిల్ 20న లాస్ వేగస్ రెసిల్‌మేనియాలో కోడీని ఓడించి 17వ వరల్డ్ టైటిల్ గెలిచి రిక్ ఫ్లెయిర్ 16 రికార్డు దాటాడు. ఈ తరం వాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూసిన క్షణం అది. దానికి ఇచ్చిన ముగింపు ఏమిటంటే ర్యాపర్ ట్రావిస్ స్కాట్ వచ్చి అడ్డం పడటం, తర్వాత బెల్టుతో ఒక దెబ్బ. కథ మొదలుపెట్టిన రాక్ ఆ రోజు స్టేడియంలో కనిపించనే లేదు. ఆ మ్యాచ్ చూడకపోయినా నష్టం లేదు, ఫలితం తెలిస్తే చాలు.

ఆగస్టు 1న స్మాక్‌డౌన్‌లో మళ్లీ మంచివాడైపోయాడు. రెండు రోజులకు ఆగస్టు 3న సమ్మర్‌స్లామ్ రెండో రాత్రి కోడీతో స్ట్రీట్ ఫైట్. అదే మనుషులు, అదే టైటిల్, వేగస్ మ్యాచ్‌కి దీనికి నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. స్ట్రీట్ ఫైట్‌లో బల్లలు, మెట్లు, కుర్చీలు అడ్డం ఉంటాయి కాబట్టి నలభై ఎనిమిదేళ్ల సీనా పరిగెత్తనక్కర్లేదు, ఒక్కో దెబ్బకూ మధ్య ఆగొచ్చు, ఆ ఆగడమే నాటకంగా పండుతుంది. తన వయసుకు తగ్గ మ్యాచ్ ఏదో అప్పుడు దొరికింది. ఓడిపోయాడు, బెల్టు కోడీకి వెళ్లింది, అది సరైన ముగింపు. దాని మీద బ్రాక్ లెస్నర్‌ని తెచ్చి సీనాని చితకబాదించారు, సెప్టెంబర్ 20న ఇండియానాపోలిస్‌లో మళ్లీ అదే, ఎఫ్-5 (లెస్నర్ భుజాల మీంచి తిప్పి విసిరేసే మూవ్) మీద ఎఫ్-5, పది నిమిషాలు కూడా పట్టలేదు. రిటైరయ్యే మనిషికి మిగిలిన కొద్ది తేదీల్లో ఒకటి ఇలా ఖర్చు చేయడం ఏం లెక్కో అర్థం కాదు. 2014 సమ్మర్‌స్లామ్‌లో ఇదే ఇద్దరూ ఇదే మ్యాచ్ ఆడేశారు.

చూసి తీరాల్సింది పెర్త్‌లో ఏజే స్టైల్స్‌తో జరిగింది. బెల్టు లేదు, పగ లేదు, అడ్డం పడేవాళ్లు లేరు. ఇద్దరూ తమ పాత ప్రత్యర్థుల మూవ్‌లు ఒక్కొక్కటే బయటికి తీసి వాడుకున్నారు. కొత్తవాళ్లకు మంచి మ్యాచ్‌గా కనిపిస్తుంది, పాతవాళ్లకు ప్రతి మూవ్‌కీ ఒక పేరు గుర్తొస్తుంది. స్టైల్స్ గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. ఏఏ వేయాలంటే ఎత్తేవాడి బలం ఒక్కటే చాలదు, భుజాల మీదున్నవాడు సరిగ్గా ఆ క్షణంలో నడుము తిప్పి తన బరువు తానే మోసుకోవాలి. స్టైల్స్ ఎగిరే తీరు వల్ల సీనా పదేళ్లు చిన్నవాడిలా కనిపించాడు. సీనా ఎస్‌టీఎఫ్ పట్టు (కాలు మడిచి పట్టి ముఖాన్ని వెనక్కి లాగేది) ఎప్పుడూ వదులే, ముఖానికీ చేతికీ మధ్య సందు కనబడుతుంది. స్టైల్స్ గడ్డం దించి ఆ సందు కూడా మూసేశాడు.

నవంబర్ 10న బోస్టన్‌లో డొమినిక్ మిస్టీరియో మీద ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు గెలిచాడు, అతని చేతికి అంతవరకూ రాని బెల్టు అది. నెల తిరక్కుండా సర్వైవర్ సిరీస్‌లో డొమినిక్‌కే తిరిగిచ్చాడు. సొంత ఊరి జనానికి ఒక రాత్రి సంబరం, అంతే.

డిసెంబర్ 13, వాషింగ్టన్ డీసీ. మనకు ఆదివారం పొద్దున. చివరి ప్రత్యర్థి ఎవరో తేల్చడానికి టోర్నమెంట్ పెట్టి, ఫైనల్లో ఎల్‌ఏ నైట్‌ని ఓడించిన గుంథర్‌ని తెచ్చారు. గుంథర్ మెడపట్టు వేశాడు, సీనా తప్పించుకున్నాడు, మళ్లీ వేశాడు. చివరికి సీనా నవ్వి, చేత్తో తట్టాడు. ఎప్పటికీ లొంగనన్న మాటే చొక్కా మీద అచ్చేసుకుని తిరిగినవాడు ఇరవై ఏళ్ల తర్వాత ట్యాప్ ఔట్ అయ్యాడు. అరీనా మొత్తం బూ కొట్టింది, తర్వాత వచ్చిన కథల పెద్ద ట్రిపుల్ హెచ్‌ని తిట్టిపోసింది. ఇక్కడ మన అభిమానులు కూడా చాలామంది సీనా గెలిచి వెళ్లాల్సింది అంటున్నారు.

ఆ మాట ఒప్పుకోలేం. వెళ్లిపోయేవాడు గెలిస్తే ఆ గెలుపు మర్నాటి నుంచి ఎవరికీ పనికిరాదు. ఓడితే అది ఓడించినవాడి దగ్గర ఉండిపోతుంది. సీనా దగ్గర మిగిలిన అత్యంత విలువైన వస్తువు ఆ లొంగకపోవడమే, దాన్ని గుంథర్‌కి ఇచ్చి వెళ్లాడు. తప్పంటూ ఉంటే ఆ నవ్వులో ఉంది. మెడపట్టులో స్పృహ తప్పుతున్నవాడు నవ్వి తడితే, నొప్పికి తట్టినట్టు కాకుండా ఇక చాల్లే అని తనంతట తాను ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. పట్టు విలువ అక్కడ కొంచెం తగ్గింది. ఒళ్లు వాలిపోయి, చెయ్యి తనకు తెలియకుండానే తట్టి ఉంటే ఆ బూలు రెట్టింపయ్యేవి, ఆ బూలే గుంథర్‌కి కావాల్సింది.

గుంథర్ ఎందుకు గొప్ప? ఆస్ట్రియా మనిషి, పై నుంచి దూకడాలు ఎక్కువ ఉండవు, గాలిలో పల్టీలు ఉండవు. ఛాతీ మీద అరచేత్తో కొట్టే చాప్ ఉంది. గుద్దు వేసేటప్పుడు పిడికిలి కొంచెం పక్కకి జార్చొచ్చు, కాలు నేలకేసి కొట్టి శబ్దం తెప్పించొచ్చు. చాప్‌లో ఆ వెసులుబాటు లేదు. తగలాల్సిందే, అందుకే మూడో దెబ్బకే ఎదుటివాడి ఛాతీ కందిపోతుంది. గుంథర్ రెండు దెబ్బల మధ్య ఎంత సేపు ఆగుతాడో గమనించండి. కొట్టి, వెనక్కి జరిగి, ఎదుటివాడు ఊపిరి కోసం వెతుక్కునేదాకా నిలబడతాడు. జనం ఆ లోగా రెండు వర్గాలుగా చీలుతారు. మిగతా చాలామంది కుర్రాళ్లు ఆ ఖాళీలో ఇంకో రెండు మూవ్‌లు కుక్కేస్తారు, దాంతో ఏ దెబ్బా గుర్తుండదు.

పాతబస్తీ తాలీముల్లో మట్టి కుస్తీ చూసినవాళ్లు గుంథర్‌ని త్వరగా ఇష్టపడతారు. అక్కడ వీపు మట్టికి ఆనితే చిత్, ఆట ముగిసినట్టే, కాబట్టి ప్రతి పట్టూ ప్రాణం మీది పట్టే. డబ్ల్యూడబ్ల్యూఈలో రిఫరీ మూడు లెక్కపెట్టాలి, రెండున్నర దగ్గర భుజం లేపేయొచ్చు. ఆ సౌకర్యాన్ని ఈ మధ్య మరీ వాడేస్తున్నారు. పెద్ద మ్యాచ్‌లలో ఒక్కో ఫినిషర్ (మ్యాచ్ ముగించే ఆఖరి దెబ్బ) నుంచి మూడేసి సార్లు లేస్తున్నారు. పోటీ కంపెనీ ఏఈడబ్ల్యూలో ఈ జబ్బు ఇంకా ముదిరింది. 2025 జులై 12న టెక్సాస్‌లో జరిగిన ఆల్ ఇన్‌లో హ్యాంగ్‌మన్ ఆడం పేజ్ జాన్ మాక్స్‌లీని ఓడించిన మ్యాచ్ నెత్తుటి మడుగైనా బాగుంది, ఎందుకంటే దాని వెనక నెలల కోపం ఉంది. వారం వారం వచ్చే షోలో అదే స్థాయి దెబ్బలు తింటే మాత్రం విసుగొస్తుంది.

మహిళల విభాగం గురించి రెండు ముక్కల్లో తేల్చే పని లేదు కానీ, మొదటిసారి చూసేవాళ్లకు ఒకటే చెబుతా. రెసిల్‌మేనియా 41 రెండో రాత్రి మొదటి మ్యాచ్, ఇయో స్కై, రియా రిప్లీ, బియాంకా బెలేర్. ముగ్గురి మ్యాచ్‌లలో మామూలుగా ఒకరు కింద పడుకుని మిగతా ఇద్దరి వంతు అయ్యేదాకా ఆగుతారు, అది కొట్టొచ్చినట్టు తెలిసిపోతుంది. ఇక్కడ అలా ఆగే క్షణాలు దాదాపు లేవు. ఇయో స్కై మూన్‌సాల్ట్ వేసేటప్పుడు మోకాళ్లు చూడండి, ఎదుటివాళ్లకు రెండు పక్కలా నేల మీద దిగుతాయి, పొట్ట మాత్రమే తగులుతుంది. వెనక్కి పల్టీ కొడుతూ చూడకుండా ఆ దూరం పట్టడం మాటలు కాదు. ఒక అడుగు తక్కువైతే మోకాలు పక్కటెముకల్లో దిగుతుంది. జులై 13న ఎవల్యూషన్ షోలో ఇయో, రియా మళ్లీ తలపడ్డారు, అది ఇంకా మంచి మ్యాచ్, చివర్లో నయోమీ తన మనీ ఇన్ ది బ్యాంక్ కాంట్రాక్టుతో దూరి బెల్టు ఎత్తుకెళ్లేదాకా.

జే ఉసో ఎంట్రీకి ఊగండి, తర్వాత మీ ఇష్టం. డొమినిక్ మిస్టీరియోని వదలొద్దు. పిరికి దొంగ పాత్రలో అంత నిబద్ధత ఈ రోజుల్లో ఇంకెవరికీ లేదు. కోడీ రోడ్స్ నమ్మకమైన చేయి, ఆశ్చర్యపరచడు, చెడగొట్టడు.

మన ఊళ్లో జరిగిన షో గురించి కూడా చెప్పాలి, మళ్లీ వస్తే టికెట్ కొనాలా వద్దా అని అడిగేవాళ్ల కోసం. 2023 సెప్టెంబర్ 8, గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి ఇండోర్ స్టేడియం, సూపర్‌స్టార్ స్పెక్టాకిల్. సీనా, సేథ్ రాలిన్స్ జట్టుగా లుడ్విగ్ కైజర్, జొవానీ వించీలను ఓడించారు. సీనా మన గడ్డ మీద మ్యాచ్ ఆడింది అదే మొదటిసారి. సరిగ్గా ఆ వారమే గుంథర్ ఇంటర్‌కాంటినెంటల్ బెల్టుతో హాంకీ టాంక్ మ్యాన్ 454 రోజుల రికార్డు దాటాడు, ఇక్కడ ఏడడుగుల షాంకీ మీద దాన్ని నిలబెట్టుకున్నాడు. తర్వాత అది 666 రోజులదాకా సాగింది. సీనాని చివర్లో లొంగదీసినవాడు అప్పుడే మన కళ్ల ముందున్నాడు, జనం మాత్రం సీనా వైపే చూశారు.

ఆ షోతో వచ్చిన అసలు పేచీ మనవాళ్లను వాడిన తీరు. ఇండియా పేరు చెప్పి టికెట్లు అమ్మారు, ఇండియా కుర్రాళ్లను రింగులోకి పంపింది ఓడిపోవడానికి. షాంకీని ఆ నెలలోనే తీసేశారు. వీర్, సాంగా, జిందర్ మహల్‌ని 2024 ఏప్రిల్‌లో పంపేశారు. టీవీలో నెలల తరబడి కథ లేకుండా ఒక్క రాత్రికి సొంత ఊరి హీరోని తయారు చేయలేరు, ఆ సంగతి కంపెనీకీ తెలుసు.

మళ్లీ ఇలాంటి షో ఇక్కడికి వస్తే, అది టీవీ కథలో భాగం కాని హౌస్ షోగానే వస్తుందనుకుని టికెట్ కొనండి. బెల్టులు చేతులు మారవు, దానికి ఎదురుచూడొద్దు. ఆ స్టేడియంలో రింగు చుట్టూ నేల మీద వేసే కుర్చీలు ఖరీదైనవి, కానీ అన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. మొదటి మూడు నాలుగు వరసలు దాటితే ముందువాళ్లు లేచి నిలబడగానే కాన్వాస్ కనబడదు, పిల్లలతో వెళ్లేవాళ్లకు అది నరకం. మెట్ల గ్యాలరీలో కింది వరసలు, ఎంట్రీ స్టేజీకి ఎదురుగా కాకుండా పక్కకు ఉన్నవి, డబ్బుకు తగ్గ సీట్లు. స్టేజీ వెనక వైపు సీటు ఎంత చవకైనా కొనొద్దు, లైట్ల స్తంభాలు అడ్డం. సాయంత్రం ఐటీ కారిడార్ ట్రాఫిక్‌లో కారు తీస్తే మొదటి మ్యాచ్ పోయినట్టే. మెట్రోలో రాయదుర్గం దాకా వచ్చి, అక్కడి నుంచి సుమారు 5 కిలోమీటర్లు ఆటోలో వెళ్లండి. తిరుగు ప్రయాణానికి మెట్రో చివరి రైలు టైము ముందే చూసుకోండి, ఎందుకంటే మెయిన్ ఈవెంట్ అయ్యాక కూడా సీనా లాంటివాళ్లు మైకు పట్టుకుంటే అంత త్వరగా వదలరు.